నట్టలు మందుకు అలవాటు పడవు

వానలు మొదలైతే చాలు, గొర్రెల కడుపులోని నట్టల (పురుగుల) గురించి కాపరుల నుంచి రోజూ ఇదే ఫోను: "సార్, నట్టలు మందుకు అలవాటువడ్డయ్. ఇంకేదన్న గట్టిది రాయుండ్రి." జీవాల వైద్యంలో ఈ ఒక్క మాట చేసినంత నష్టం నేను ఇంకెక్కడా చూడలేదు.

అపోహ: మందు తాగీ తాగీ నట్ట మొండిదవుతుంది.

వాస్తవం: ఏ నట్టా అలా నేర్చుకోదు. రక్తం పీల్చే హీమాంకస్ ఆడ నట్ట రోజుకు 5,000కు పైగా గుడ్లు పెడుతుంది. అంత సంతానంలో పుట్టుకతోనే తేడాలుంటాయి. ఆల్బెండజోల్ అనే నట్టల మందు వెళ్లి అతుక్కునేది నట్ట ఒంట్లోని ట్యూబులిన్ ప్రొటీన్‌కు; అందులో ఒక్క అమైనో ఆమ్లం వేరుగా ఉన్నా చాలు, ఆ నట్టకు మందు సరిగా అంటదు. మొదట అలాంటివి ఏ కొద్దో ఉంటాయి. మిగతావి చచ్చాక గుడ్లు పెట్టేది అవే కాబట్టి, తరం తరానికీ వాటి లెక్క పెరుగుతుంది. ఆల్బెండజోల్ కోవకే చెందిన పాత మందు థయాబెండజోల్ 1961లో వస్తే, 1964కే అమెరికా గొర్రెల్లో దానికి లొంగని నట్టలు బయటపడ్డాయి.

అలవాటే అనుకున్నవాళ్లు మందు పేరు మారుస్తారు, కొలత మార్చరు. ఒక తాత తన పొట్టేలు 25 కిలోలన్నాడు. తూకం వేస్తే 38! ఏళ్ల తరబడి చాలీచాలని మందే పోశాడు. అరకొర డోసుకు, సగం తట్టుకునే నట్టలు కూడా బతికి పిల్లల్ని కన్నాయి. "నా చేతులార జేసుకున్ననా సారూ?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తప్పు నీది కాదు తాతా, తూకం గురించి నీకెవరూ చెప్పలేదు అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

మంద మొత్తానికి మందు పోసి, అదే రోజు కొత్త బీడుకు తోలడం ఇంకో దెబ్బ. అక్కడ పడేవన్నీ మందుకు చావని నట్టల గుడ్లే. కింది కనురెప్ప లాగి చూడండి. పాలిపోతే మందు పోయండి. ఎర్రగా, పుష్టిగా ఉన్న పెద్ద గొర్రెల్ని కొన్ని వదిలేయండి. వాటిలోని లొంగే నట్టల గుడ్లు బీడులో కలవాలి.

గొర్రె డోసే మేకకు సరిపోతుందా? చాలదు, మేక ఒంట్లో మందు త్వరగా కరిగిపోతుంది. డాక్టర్ని అడిగి పోయండి. కొన్నాళ్లు మందు ఆపితే నట్టలు మళ్లీ లొంగుతాయా? అంత తేలిక కాదు.

మందు మార్చమని అడిగేముందు, పోసే రోజు తాజా పెంటికలు తెచ్చివ్వండి. 14 రోజులకు అవే గొర్రెలవి మళ్లీ తెండి. పెంటికల్లో నట్టల గుడ్లు లెక్కపెడతాం; అవి 95 శాతమైనా తగ్గకపోతే, అప్పుడు మారుద్దాం.