ఇనుము ఇచ్చి రాగి పుచ్చుకునే ప్రయోగం: మా ల్యాబ్‌లో వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లలో మేకు వేస్తే దానికి రాగి పూత పట్టడం పదో తరగతిలో అందరూ చూసే ఉంటారు. ఇంటర్‌కి వచ్చాక, ఇక్కడ విశాఖలో మా ల్యాబ్‌లో, అదే స్థానభ్రంశ చర్యని (ఒక్కో ఇనుప పరమాణువు ద్రావణంలోకి వెళ్లి, ఒక్కో రాగి పరమాణువుని బయటికి తోసే చర్య) పిల్లల చేత తూకం వేసి చేయిస్తాను. 1.12 గ్రాముల ఇనుప రజను, 7 గ్రాముల కాపర్ సల్ఫేట్ స్ఫటికాలు, 50 మిల్లీలీటర్ల వేడినీళ్లు. మోల్ లెక్కలో, అంటే రేణువుల సంఖ్య లెక్కలో, ఇనుము 0.02 మోల్, కాపర్ సల్ఫేట్ 0.028 మోల్. ఇనుమంతా కరిగిపోతే రావలసిన రాగి 1.27 గ్రాములు. ఇంత చిన్న ప్రయోగం చుట్టూ ఎన్ని అపోహలున్నాయో ఏటా చూస్తూనే ఉన్నాను.

అపోహ: నీలం రంగు పూర్తిగా పోతేనే చర్య అయిపోయినట్టు.

వాస్తవం: మేకు ప్రయోగంలో పట్టుకున్న మాట ఇది. "ఇంకా నీలంగానే ఉంది మేడమ్" అంటూ మరో చెంచా రజను పోసేస్తారు. ఇక ఆ లెక్క తేలదు. మేం కాపర్ సల్ఫేట్‌ని కావాలనే ఎక్కువ తీసుకున్నాం. కాబట్టి ఇనుము అయిపోవాలి, నీలం కొంత మిగలాలి. ఇక్కడ పరిమిత కారకం, అంటే ముందుగా అయిపోయి చర్యని ఆపేది, ఇనుము. నీలం మిగిలిందంటే సంతోషించాలి.

అపోహ: దిగుబడి (రావలసిన రాగిలో వచ్చినది ఎంత శాతమో) 88 శాతం వచ్చిందంటే చర్య బాగా జరిగినట్టే.

వాస్తవం: ఈ ఒక్క సంగతీ పిల్లలకి బాగా ఎక్కితే చాలనుకుంటాను. అసలు చర్యే జరగలేదనుకోండి. వేసిన 1.12 గ్రాముల ఇనుమే ఫిల్టర్ పేపర్ మీదకి తిరిగి వస్తుంది. దాన్నే రాగి అనుకుని 1.27తో భాగిస్తే ఎంత? 88 శాతం! ఒక్క పరమాణువు కూడా చోటు మారకపోయినా త్రాసు 88 చూపిస్తుంది. ఇనుము పరమాణు భారం 56కి దగ్గర, రాగిది 63.5. రెండింటికీ తేడా అంత తక్కువ కనుకనే ఈ చిక్కు.

మరి వచ్చినది రాగేనని ఎలా తెలుస్తుంది? ఆరిన పొడిని కాగితం మీద పలచగా పరిచి, కింద అయస్కాంతం పెట్టి మెల్లగా జరపమంటాను. పైకి చక్కటి రాగి రంగులో ఉన్న పొడిలోంచి కొన్ని రేణువులు నిక్కబొడుచుకుని అయస్కాంతం వెంట నడుస్తాయి. రాగిని అయస్కాంతం పట్టదు. నడిచినవన్నీ పైన రాగి తొడుక్కున్న ఇనుప రేణువులే. పూత పడ్డాక లోపలి ఇనుముకి ద్రావణం అందదు. అందుకే రజను సన్నగా ఉండాలి, నీళ్లు వేడిగా ఉండాలి, కలుపుతూనే ఉండాలి.

ఇనుము విషయంలో మన ఊరి సంగతి ఇంకోటి ఉంది. సముద్రపు గాలికి, ముఖ్యంగా వానాకాలంలో, మూత సరిగ్గా పెట్టని డబ్బాలో రజను తొందరగా తుప్పు పడుతుంది. తుప్పుతో కలిపి 1.12 గ్రాములు తూచితే అందులో ఇనుము అంతకంటే తక్కువే. దిగుబడి పడిపోతుంది, నింద మాత్రం పిల్లల చేతికి వస్తుంది. తూకానికి ముందు రజను రంగు చూడమని నేను పదేపదే చెప్పేది అందుకే.

అపోహ: దిగుబడి 100 దాటితే పరువు పోయినట్టు, 100 అని దిద్దేయాలి.

వాస్తవం: ఒకసారి ఒకమ్మాయికి 1.48 గ్రాములు వచ్చింది, అంటే 117 శాతం. "వంద వేసెయ్యమంటారా మేడమ్?" అని నెమ్మదిగా అడిగింది. వద్దమ్మా, మళ్లీ ఆరబెట్టి తూచు అన్నాను. 1.31 అయింది. ఇంకోసారికి 1.22, ఆపై మళ్లీ 1.22. బరువు అక్కడ నిలబడింది. 96 శాతం. పోయినదంతా తడే. నాలుగు తూకాలూ రికార్డులో ఉంచమన్నాను, ఎందుకంటే అసలైన ఫలితం ఆ దిగే వరసలోనే ఉంది.

తడి కాకపోతే అనుమానించాల్సినవి మరో రెండు. సరిగ్గా కడగకపోతే కాపర్ సల్ఫేట్ పొడిలోనే ఉండిపోతుంది. కడిగిన నీళ్లలో అమ్మోనియా చుక్క వేస్తే ముదురు నీలం రంగు రాకుండా పోయేదాకా కడగాలి. ఇక మంట మీద ఆరబెడితే రాగి నల్లబడి ఆక్సైడ్ అవుతుంది. మొత్తం రాగి అలా మారిపోతే బరువు 1.59 గ్రాములకి పోతుంది. చివర కొంచెం అసిటోన్‌తో కడిగి, దగ్గర్లో ఏ మంటా లేకుండా ఆరనివ్వడం మేలు.

అపోహ: జింక్ చర్యాశీలత ఎక్కువ కాబట్టి రాగి ఎక్కువ వస్తుంది.

వాస్తవం: రాదు. 0.02 మోల్ జింక్ వేసినా రావలసింది ఆ 1.27 గ్రాములే. చర్య జరుగుతుందా లేదా అన్నది చర్యాశీలత శ్రేణి (లోహాలని చర్యాశీలత వరసలో పేర్చిన పట్టిక) చెబుతుంది, ఎంత వస్తుందో మోల్ లెక్క చెబుతుంది.

అపోహ: కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేసిన అల్యూమినియం రేకుకి ఏమీ కాలేదు, కాబట్టి అది రాగి కంటే తక్కువ చర్యాశీలి.

వాస్తవం: దాని మీద ఆక్సైడ్ పొర కాపలా ఉంది. చిటికెడు ఉప్పు వేసి చూడండి. బుడగలు లేచి, రేకు ఎర్రబడి చిల్లులు పడుతుంది.

అపోహ: మిగిలిన నీలం నీళ్లు కాసిన్నేగా, సింకులో పారబోయొచ్చు.

వాస్తవం: ఒక్కో జట్టు దగ్గర సుమారు అర గ్రాము రాగి మిగులుతుంది. ఇరవై జట్లంటే పది గ్రాములు. మన ఊళ్లో కాలువ గెడ్డలో (వాగులో) కలుస్తుంది, గెడ్డ సముద్రంలో కలుస్తుంది. నీళ్లలో కరిగిన రాగి చేపలకి విషం. అందుకని అంతా ఒక ప్లాస్టిక్ బకెట్లో పోయించి, పాత ఇనుప మేకులు వేసి ఉంచుతాను. ఇదే పద్ధతిలో జింక్ కర్మాగారాల్లో కూడా ద్రావణంలోని రాగిని, కాడ్మియంని జింక్ పొడి వేసి తీసేస్తారు. ఒకప్పుడు మన విశాఖలోని మింది దగ్గర నడిచింది జింక్ కర్మాగారమే కదా, పిల్లలకి ఆ మాట చెబితే బకెట్ వైపు చూసే చూపే మారుతుంది. మర్నాటికి మేకుల మీద రాగి పెచ్చులు కట్టి, నీళ్లు లేత ఆకుపచ్చకి తిరుగుతాయి. కొద్దిగా నీళ్లు పరీక్షనాళికలోకి తీసి అమ్మోనియా వేస్తాం. ముదురు నీలం కనబడితే బకెట్లో ఇంకో గుప్పెడు మేకులు వేసి, మరో రోజు ఆగుతాం.