విదేశాల్లో సొంత బ్రాండ్ కారం: గుంటూరు సప్లయర్ల గురించి అపోహలు - వాస్తవాలు

అమెరికాలోనో జర్మనీలోనో ఇండియన్ గ్రోసరీ నడుపుతూ, సొంత బ్రాండ్ కారం తెద్దామనుకునే మనవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్ల తరఫున గుంటూరులో సప్లయర్లను వెతకడం, సరుకు చూడడం నా పని. వాళ్లు ఫోన్ చేసినప్పుడు తరచూ వినే మాటలివి.

అపోహ: "వాళ్లకి ఎఫ్‌డీఏ సర్టిఫికెట్ ఉందండీ, ఇంకేం కావాలి?"

వాస్తవం: అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఆహార కంపెనీలకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అనేదే ఇవ్వదు. వాట్సాప్‌లో మీకొచ్చే ముద్రల కాగితం మధ్యలో ఏదో ఏజెన్సీ తయారుచేసిచ్చింది. రిజిస్ట్రేషన్ మాత్రం తప్పనిసరి. సరిసంఖ్య సంవత్సరాల్లో అక్టోబరు-డిసెంబరు మధ్య రెన్యువల్ చేసుకోవాలి. అది ఉన్నంత మాత్రాన సరుకు మంచిదని కాదు. ఐఈసీ (ఎగుమతి-దిగుమతులకు మన ప్రభుత్వం ఇచ్చే కోడ్), స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా అంతే. పైగా అమెరికాలోని ఎఫ్‌ఎస్‌వీపీ (విదేశీ సప్లయర్ల తనిఖీ) నిబంధన ప్రకారం సప్లయర్‌ను పరిశీలించే బాధ్యత దిగుమతిదారుదే, అంటే మీదే.

అపోహ: "శాంపిల్ ల్యాబ్‌లో పాసైంది."

వాస్తవం: పాసైంది ఆ అరకిలో మాత్రమే. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం లాట్ (ఒక విడత సరుకు) అంతటా సమానంగా ఉండదు, కల్లంలో సరిగా ఎండని కొన్ని కాయల్లోనే పేరుకుంటుంది. యూరప్‌లో మిర్చికి పరిమితి కిలోకు మొత్తం 10 మైక్రోగ్రాములు, అందులో బీ1 రకం 5 దాటకూడదు. అందుకే సప్లయర్ పంపిన శాంపిల్‌ను నేను లెక్కలోకే తీసుకోను. లాట్ సిద్ధమయ్యాక, పొడి కొట్టకముందే గోడౌన్‌కు వెళ్లి పై వరుసవీ, అడుగువీ టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పిస్తాను. ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే గింజలు గలగలలాడాలి. మెత్తగా వంగుతోందంటే తేమ ఉన్నట్టే. తూకం కోసం నీళ్లు చల్లిన సరుకు కూడా ఇక్కడే దొరికిపోతుంది. పైకి ఎర్రగా మెరిసే కాయనైనా చీల్చి లోపల బూజు ఉందేమో చూడాలి. తాలు కాయలు (రంగు పోయిన నాసిరకం కాయలు) ఎంత కలిపారో కూడా అప్పుడే తెలుస్తుంది. అన్ని టిక్కీల నుంచి తీసింది బాగా కలిపి మూడు ప్యాకెట్లుగా సీల్ చేయించండి: ల్యాబ్‌కు ఒకటి, సప్లయర్‌కు ఒకటి, మీకు ఒకటి. పొడి చేశాక, ఎర్రగా కనిపించాలని కలిపే సుడాన్ అనే నిషిద్ధ రసాయన రంగుల కోసం ఇంకో పరీక్ష చేయించాలి. 2003లో ఫ్రాన్స్‌లో మన దేశపు మిర్చి ఉత్పత్తుల్లో ఆ రంగు బయటపడ్డాకే యూరప్ నిబంధనలు బిగించింది.

అపోహ: "అమెరికాకు పంపేవాళ్లు జర్మనీకీ పంపగలరు."

వాస్తవం: సూక్ష్మజీవులను చంపడానికి మసాలాలకు ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు పట్టించడం అమెరికాలో చెల్లుతుంది, యూరప్‌లో చెల్లదు. యూరప్‌కైతే ఆవిరితో స్టెరిలైజేషన్ చేసే యూనిట్ ఉందా అని ముందే అడగండి.

అపోహ: "ట్రేడర్లు వద్దు, ఫ్యాక్టరీ వాళ్లైతేనే నమ్మకం."

వాస్తవం: సరుకు ఏ కోల్డ్ స్టోరేజీ నుంచి, ఏ లాట్ నుంచి వచ్చిందో కాగితం చూపించే ట్రేడర్, చూపించలేని ఫ్యాక్టరీ కంటే మేలు.

అపోహ: "మావూరివాడేనండీ, అగ్రిమెంటు ఎందుకు?"

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మాటే. పోర్టులో సరుకు ఆపేస్తే వెనక్కి తెప్పించే ఖర్చు, లేదా అక్కడే నాశనం చేసే ఖర్చు ఎవరిదో ముందే రాసుకోకపోతే చుట్టరికమూ పోతుంది, డబ్బూ పోతుంది. రకం తేజానా, 334ఆ, తేమ ఎంత, తాలు ఎంతవరకు ఒప్పుకుంటారు అన్నవి రాయండి. అడ్వాన్సు కొంతే ఇచ్చి, సీల్ చేసిన ప్యాకెట్ మీది లాట్ నంబరే ల్యాబ్ రిపోర్టులోనూ ఉందని సరిచూసుకున్నాకే మిగతాది కట్టండి.