దిక్కులు చూసే పెద్దమనిషి

పిల్లలూ,

మొన్న నేను పంపిన బొమ్మ చూసి "ఈయనకి పరీక్ష టెన్షనా తాతయ్యా?" అని అడిగారు. నవ్వొచ్చింది. తర్వాత మళ్ళీ ఆ బొమ్మ తీసి చాలాసేపు చూశాను.

దాన్ని 1669లో వేసింది వెర్మీర్, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊరివాడు. ఇప్పుడు జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ మ్యూజియంలో ఉంది. 'భూగోళ శాస్త్రజ్ఞుడు' అంటారు. ఎత్తు 52 సెంటీమీటర్లు, అంతే.

ముందు చేతులు చూడండి. కుడిచేతిలో ఉన్నది మీ జామెట్రీ బాక్స్‌లోని డివైడర్ లాంటిదే. మ్యాపు మీద దూరాలు కొలిచేది. కానీ అది కాగితానికి ఆనలేదు, గాల్లోనే ఆగిపోయింది. కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. లెక్క మధ్యలో పెన్సిల్ ఆపి మీరు ఎటో చూస్తారే, అదే చూపు. అలా చూస్తే మీ అమ్మ "దిక్కులు చూడకు" అంటుంది. పాపం, ఈయన వృత్తే దిక్కులు చూడటం!

ఇంకో సంగతి. పై రంగు కింద ఏముందో పరిశీలించినవాళ్ళకి పాత గీతలు దొరికాయి. వెర్మీర్ మొదట ఆయన తల బల్ల మీదికి వంచి వేశాడు. డివైడర్ మొనలు కూడా కిందికే ఉండేవి. తర్వాత రెండూ మార్చాడు. అంటే మొదట కొలుస్తూ ఉన్న మనిషి, ఏదో తట్టి ఆగిన మనిషి అయ్యాడన్నమాట. నాకు బొమ్మంతా ఆ మార్పులోనే ఉందనిపిస్తుంది.

ఎవరాయన? పేరు ఎక్కడా లేదు. మైక్రోస్కోపులు తయారుచేసి సూక్ష్మజీవుల్ని చూసిన లేవన్‌హుక్ అని కొందరంటారు. ఇద్దరిదీ ఒకే ఊరు, పుట్టింది కూడా ఒకే ఏడు, 1632. అంతకుమించి ఆధారం లేదు. నేనైతే నమ్మను.

వెనక బీరువా మీద గ్లోబు ఉంది కదా. అది హోండియస్ అనే ఆయన చేసిన గ్లోబు. మనకి కనిపించే వైపు హిందూ మహాసముద్రం! ఆ రోజుల్లో డచ్చివాళ్ళ ఓడలు మన బందరుకి వచ్చి అద్దకం బట్టలు కొనుక్కుపోయేవి. వాళ్ళ సమాధులు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. ఈయన వేసుకున్న వదులు అంగీ జపాన్ పద్ధతిది. చదువుకున్న డచ్చివాళ్ళకి అది ఫ్యాషన్. అలాంటి అంగీలు మన తీరపు అద్దకం గుడ్డతో కూడా కుట్టించుకునేవాళ్ళు. ఊరు కదలకపోయినా ఆయన ఒంటి మీదికి దూరదేశాలు వచ్చేశాయి.

బొమ్మని ఫోన్‌లో పెద్దది చేసి చూడండి. నేల మీద చుట్టిన కాగితాలు పడి ఉంటాయి. ఎందుకు పడేశాడో ఊహించి నాకు రాయండి. గది సర్దుకోలేదని మాత్రం రాయకండి. ఆ మాట మీ అమ్మ అప్పుడే అనేసింది.

మీ తాతయ్య