ఎన్‌జీఆర్ ఉన్న చోట ఎర్త్ ఫాల్ట్: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో మణలి, ఎన్నూరు వైపు ప్లాంట్లలో పనిచేసే మన ఎలక్ట్రికల్ వాళ్ల కోసం ఇది. న్యూట్రల్‌ని నేరుగా ఎర్త్ చేసిన ప్యానెళ్ల మీద చేయి తిరిగాక, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెసిస్టర్ (ఎన్‌జీఆర్, అంటే న్యూట్రల్ గ్రౌండింగ్ రెసిస్టర్) ఉన్న సిస్టమ్ దగ్గర ఆ అలవాట్లే దెబ్బతీస్తాయి.

అపోహ: ఏసీబీలో (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్) ఎర్త్ ఫాల్ట్ (ఫేజ్ ఎర్త్‌కి తగలడం) ప్రొటెక్షన్ ఉందిగా, ఇంకో రిలే దండగ.

వాస్తవం: లెక్క వేసి చూడండి. 415 వోల్టుల సిస్టమ్‌లో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 240 వోల్టులు. ఎన్‌జీఆర్ 48 ఓములైతే, ఫేజ్ తీగ నేరుగా ఎర్త్‌కి తగిలినా పారేది 5 ఆంపియర్లే. 630 ఆంపియర్ల ఏసీబీ సెట్టింగ్‌ని 20 శాతానికి దించినా 126 ఆంపియర్లు. ఈ 5 దాని కంట పడవు. మూడు ఫేజుల సీటీలను (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు) కలిపే రెసిడ్యువల్ కనెక్షన్ కూడా పనికిరాదు. మోటార్ స్టార్టింగ్‌లో సీటీల తేడావల్ల వచ్చే దొంగ కరెంటే ఫాల్ట్‌ని మించిపోవచ్చు. కావలసింది సీబీసీటీ (మూడు కోర్లనూ ఒకే రింగులోంచి పోనిచ్చే సీటీ), సెన్సిటివ్ రిలే.

పికప్ (రిలే పనిచేయడం మొదలుపెట్టే కరెంటు) సాధారణంగా ఎన్‌జీఆర్ కరెంటులో 10 నుంచి 20 శాతం, ఇక్కడ 0.5 నుంచి 1 ఆంపియర్. మోటార్ వైండింగ్‌లో స్టార్ పాయింట్ దగ్గర ఫాల్ట్ పడితే అక్కడ వోల్టేజీయే తక్కువ, కరెంటూ అంతే, అందుకే పికప్ తక్కువ ఉంచాలి. అలాగని మరీ దించితే, పక్క ఫీడర్ ఫాల్ట్‌కి, ఫాల్ట్ లేని కేబుల్‌లోని ఛార్జింగ్ కరెంటు చూసి రిలే ఊరికే ట్రిప్ ఇచ్చేస్తుంది.

అపోహ: సీబీసీటీ తొడిగితే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఎక్కువ తప్పులు ఇక్కడే. ఆర్మర్‌తో (కేబుల్ మీది లోహపు కవచం) సహా కేబుల్ రింగులోంచి పోతుంటే, కోర్‌లో వెళ్లిన ఫాల్ట్ కరెంటు ఆర్మర్ మీదుగా అదే రింగులోంచి వెనక్కి వస్తుంది. రెండూ కొట్టేసుకుంటాయి, రిలేకి మిగిలేది సున్నాకి దగ్గర. అందుకే ఆర్మర్ ఎర్త్ లీడ్‌ని మళ్లీ రింగులోంచి వెనక్కి లాగి, ఆ తర్వాతే ఎర్త్ బార్‌కి కట్టాలి. ఆ లీడ్ మధ్యలో ఎక్కడా లోహానికి తగలకూడదు, గ్లాండ్‌కీ (కేబుల్‌ని ప్యానెల్‌కి బిగించే భాగం) ప్లేట్‌కీ మధ్య ఇన్సులేషన్ ఉండాలి. స్క్రీన్ ఉన్న హెచ్‌టీ (హై టెన్షన్) కేబుల్‌కీ ఇదే సూత్రం. చివరగా, రింగులోంచి ఓ తీగ పోనిచ్చి 1 ఆంపియర్ ఇంజెక్ట్ చేయండి. టెస్ట్ బటన్ నొక్కితే రిలే బాగుందని తెలుస్తుంది, వైరింగ్ సంగతి తెలియదు.

అపోహ: రిలే మౌనంగా ఉందంటే అంతా బాగున్నట్టే.

వాస్తవం: ఎన్‌జీఆర్ తెగిపోయినా రిలే మౌనంగానే ఉంటుంది. ఈ ఉప్పుగాలికి టెర్మినల్ బోల్టు తుప్పుపట్టి విడిపోతే, సిస్టమ్‌కి ఎర్తే లేనట్టు. ఫాల్ట్ పడినా ఎన్‌జీఆర్‌లో కరెంటు పారదు. పైగా ఆర్కింగ్ ఎర్త్‌తో (ఫాల్ట్ దగ్గర ఆగి ఆగి ఆర్క్ రావడం) వోల్టేజీ మామూలుకి కొన్ని రెట్లు ఎగబాకి ఇన్సులేషన్ పోతుంది. ఎన్‌జీఆర్ మీద కరెంటుతో పాటు వోల్టేజీని కూడా చూసే మానిటర్ పెట్టాలి. వోల్టేజీ ఉండి కరెంటు లేకపోతే అది తెగినట్టే. షట్‌డౌన్‌లో, సప్లై తీసి నిర్ధారించుకున్నాక, న్యూట్రల్ బుషింగ్ నుంచి ఎర్త్ బార్ వరకు మల్టీమీటర్‌తో చూడండి. 48 ఓముల దరిదాపుల్లో ఉండాలి.

అపోహ: మొదటి ఫాల్ట్‌కి రిలే అలారం ఇస్తుంది, ప్లాంట్ ఆగదు, తీరిగ్గా వెతకొచ్చు.

వాస్తవం: ఆ సేపంతా మిగతా రెండు ఫేజులు ఎర్త్‌కి 415 వోల్టుల మీద ఉంటాయి. వాటిలో ఒకటి ఎక్కడైనా ఎర్త్ అయిందా, ఎన్‌జీఆర్‌తో పనిలేకుండా ఫేజ్ టు ఫేజ్ షార్టే. పల్సింగ్ (ఫాల్ట్ కరెంటుని పదేపదే పెంచి తగ్గించడం) సౌకర్యం ఉంటే కరెంటు 5కీ 10కీ మధ్య ఊగుతుంది. క్లాంప్ మీటర్‌ని మూడు కోర్ల చుట్టూ వేసి ఆ ఊపు వెంట పోతే, ఫాల్ట్ దాటగానే సూది కదలడం ఆగుతుంది. ఆర్మర్ మీదే క్లాంప్ వేస్తే మళ్లీ పైన చెప్పిన మోసమే.

అపోహ: 11 కేవీలోనూ అలారం చాలు.

వాస్తవం: 400 ఆంపియర్ల ఎన్‌జీఆర్, అంటే దాదాపు 16 ఓములు, మామూలుగా 10 సెకన్ల రేటింగ్‌తో వస్తుంది. అలారం చూసి మనిషి కుర్చీలోంచి లేచేలోపే అది ఎర్రబడుతుంది. అక్కడ ట్రిప్ తప్పదు.