లాక్‌డౌన్‌లో బ్రిటన్ కళాకారులకు అందిన డబ్బు: అపోహలు - వాస్తవాలు

లండన్‌లో నాదో చిన్న అకౌంట్స్ ఆఫీసు. కూచిపూడి టీచర్లు, పెళ్లి ఫొటోగ్రాఫర్లు, మృదంగం వాయించేవాళ్లు, స్టేజీ లైటింగ్ చేసేవాళ్లు... వీళ్ల ట్యాక్స్ రిటర్నులు వేస్తుంటాను. కోవిడ్ సాయం ఊసెత్తితే ఇప్పటికీ ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: ప్రభుత్వం కళాకారులను ఇంట్లో కూర్చోబెట్టి జీతమిచ్చింది.

కళాకారులకంటూ నెలనెలా ఇచ్చిందేమీ లేదు. 2020 మార్చి 26న అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్ ప్రకటించిన పథకం సొంతంగా పని చేసుకునేవాళ్లందరిదీ. ప్లంబరైనా, వయొలిన్ విద్వాంసుడైనా లెక్క ఒకటే. పాత రిటర్నుల్లోని సగటు నెల లాభంలో 80 శాతం, మూడు నెలలది ఒకేసారి, 7,500 పౌండ్లు మించకుండా. ఏడాదికి 12,000 లాభం చూపినవాళ్లకు నెలకు వెయ్యి, అందులో 800, వెరసి 2,400. ఇలా అయిదు విడతలు. రెండోసారి మాత్రం 70 శాతమే. 2021 సెప్టెంబరు 30తో పథకం ముగిసింది.

అపోహ: ఎక్కువ ప్రోగ్రాములు పోయినవాళ్లకు ఎక్కువ వచ్చింది.

మొదటి నాలుగు విడతల్లో ఎంత పోయిందన్నది అంకెలోకి రానే లేదు. ఒక ఫొటోగ్రాఫర్ కుర్రాడు 2018లో రెండు కెమెరాలు, లెన్సులు కొన్నాడు. ఆ ఖర్చంతా ఆ ఏడాదే చూపించి లాభం తగ్గించింది నేనే. పన్ను మిగిలిందని స్వీట్ బాక్సు తెచ్చిచ్చాడు. 2020 మేలో స్క్రీన్ మీద గ్రాంటు అంకె చూసి ఫోన్ చేశాడు: "అన్నా, ఆ కెమెరాలు వచ్చే ఏడాది కొనమని ఒక్క మాట అనుంటే!" మూడేళ్ల సగటు తీస్తారు కాబట్టి దెబ్బ కొంత తగ్గింది కానీ, ఆ స్వీట్లు నాకింకా గుర్తే. పడిపోయిన వ్యాపారాన్ని కొలిచింది అయిదో విడతలోనే: 30 శాతం, అంతకుమించి పడితే 80 శాతం, లేకపోతే 30 శాతమే.

అపోహ: నాట్యమో సంగీతమో వృత్తైతే చాలు.

లాభం 50,000 పౌండ్లు దాటకూడదు, మిగతా ఆదాయం కంటే తక్కువా ఉండకూడదు. ఇక్కడే మనవాళ్లు చాలామంది చిక్కారు. డాన్స్ క్లాసుల మీద 8,000 మిగిలి, సూపర్‌మార్కెట్ పార్ట్‌టైమ్‌లో 9,000 జీతం వచ్చిన టీచరుకు గ్రాంటు సున్నా. ఆవిడ మూడేళ్ల కాగితాలూ టేబుల్ మీద పరిచి సగటు తీశాను, వెయ్యి పౌండ్లు తక్కువే తేలింది. నా ఉద్దేశంలో ఈ పథకంలో అన్యాయమైన గీత ఇదే. కళను నమ్ముకుని అద్దె కోసం ఉద్యోగం చేసేవాళ్లే గీత అవతల పడ్డారు.

2019 ఏప్రిల్ - 2020 ఏప్రిల్ మధ్య మొదలుపెట్టినవాళ్లయితే నాలుగో విడత దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

అపోహ: లిమిటెడ్ కంపెనీ పెట్టుకున్నవాళ్లు సేఫ్.

ఈ పథకం వాళ్లకు వర్తించలేదు. ఫర్లో (పని ఆగిన ఉద్యోగుల జీతంలో 80 శాతం ప్రభుత్వం భరించిన పథకం) ఉండేది కానీ అది జీతానికే, కంపెనీ లాభంలోంచి తీసుకునే డివిడెండుకు కాదు. నెలకు 700 జీతం రాసుకుని మిగతాది డివిడెండుగా తీసుకున్నవాళ్లకు 560 వచ్చింది. పైగా ఫర్లోలో ఉండగా కంపెనీకి డబ్బొచ్చే పని చేయకూడదు.

అపోహ: 157 కోట్ల పౌండ్ల కల్చర్ ఫండ్ కళాకారులకే.

ఆ డబ్బు ప్రధానంగా థియేటర్లు, మ్యూజియాలు, సంగీత వేదికల్లాంటి సంస్థలకు. కళలకు నిధులిచ్చే సంస్థ ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ మనిషికి 2,500 దాకా ఇచ్చిన అత్యవసర సాయం వేరు, అది 2 కోట్లే.

అపోహ: గ్రాంటు కదా, పన్నుండదు.

తిరిగి కట్టక్కర్లేదు కానీ ఇన్‌కమ్ ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ లాంటివాటి కోసం కట్టే చందా) రెండూ పడ్డాయి. వచ్చింది వచ్చినట్టు ఖర్చుపెట్టినవాళ్లకు 2022 జనవరిలో ఆ పన్ను కట్టే గడువు రాగానే టెన్షన్.

అపోహ: అకౌంటెంటే అప్లై చేసేస్తాడు.

మాకు ఆ అనుమతే ఇవ్వలేదు. ఎవరి లాగిన్‌తో వాళ్లే చేసుకోవాల్సి వచ్చింది. డెబ్బై దాటిన మృదంగం మాస్టారికి ఒక సాయంత్రమంతా వీడియో కాల్‌లో చెప్పాను. "మాస్టారూ, ఫోన్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది, చూడండి." ఆయన కళ్లజోడు వెతుక్కునేలోపు కోడ్ గడువు అయిపోయేది. మూడో విడతకల్లా ఆయనే శిష్యులకు ఫోన్లో దారి చెబుతున్నారు.