‘సంతృప్తి’ అన్న మాట వెనక స్తోయికులు

ఫిలిప్పీ పట్టణంలోని క్రైస్తవ సంఘానికి చెరలో నుంచి రాసిన పత్రికలో, ‘ఏ స్థితిలో ఉన్నా సంతృప్తిగా ఉండడం నేర్చుకున్నాను’ అంటాడు అపొస్తలుడు పౌలు (ఫిలిప్పీ 4:11). తెలుగు బైబిల్లో ‘సంతృప్తి’ అని ఉన్నచోట గ్రీకు మూలంలోని మాట ‘ఔతార్కేస్’. ‘ఔతోస్’ అంటే తాను, ‘ఆర్కెయో’ అంటే చాలడం. తనకు తానే చాలినవాడు అన్నమాట! కొత్త నిబంధనలో ఈ విశేషణం ఇక్కడ ఒక్కచోటే కనిపిస్తుంది.

ప్రాచీన గ్రీకు తత్వవేత్తల్లో ఒక వర్గమైన స్తోయికులకు ఇది ప్రాణప్రదమైన మాట. వాళ్ల లెక్కలో నిజమైన మేలు సద్గుణం ఒక్కటే. ఆస్తి, ఆరోగ్యం, పరువు ఉన్నా పోయినా జ్ఞానికి లోటు రాదు.

పౌలుకు ఈ భాష కొత్త కాదు. ఆయన పుట్టింది కిలికియలోని తార్సులో. అగస్టస్ చక్రవర్తికి గురువైన స్తోయికుడు అథెనోడోరస్ ముసలితనంలో పాలన చక్కదిద్దింది ఆ ఊళ్లోనే. ఏథెన్సు ప్రసంగంలో పౌలు నోట వినిపించే ‘మనమాయన సంతానము’ (అపొస్తలుల కార్యములు 17:28) అన్న పాదం కూడా కిలికియ కవి అరాటస్‌దే. క్రీ.పూ. 3వ శతాబ్దంలో నక్షత్రాల మీద రాసిన ఆ కావ్యంలో ‘ఆయన’ అంటే జ్యూస్ దేవుడు.

మాట ఒకటే కదా అని పౌలును స్తోయికుల్లో కలిపేస్తే పొరపాటే. మాట దొరికిన చోట ఆగిపోకుండా తర్వాతి రెండు వచనాలూ చదవాలి. 4:13కు వచ్చేసరికి, సమస్తం చేయగలిగేది ‘నన్ను బలపరచువానియందే’, అంటే క్రీస్తులోనే, అంటాడు. తనకు తానే చాలినవాడి బలం బయటి నుంచి వస్తోంది! స్తోయికుల గుణం పేరు అలాగే ఉంచి, దాని ఆధారాన్నే మార్చేశాడు.

దుఃఖం దగ్గర ఈ తేడా ఇంకా స్పష్టం. స్తోయికులు మనోవికారాలను నాలుగుగా విభజించారు: కోరిక, భయం, సుఖలాలస, దుఃఖం. మొదటి మూడింటికీ జ్ఞానికి తగిన మంచి రూపాలున్నాయి. కోరికకు బదులు వివేకంతో కూడిన ఇచ్ఛ, భయానికి బదులు జాగ్రత్త, లాలసకు బదులు ఆనందం. దుఃఖానికి మాత్రం అలాంటి జోడీ లేదు. గ్రీకులో ‘లూపె’ అనే ఆ దుఃఖం జ్ఞాని మనసులో అసలు పుట్టకూడదు.

ఇదే పత్రికలో, ఫిలిప్పీ నుంచి కానుక తెచ్చిన ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లి బతికిన సంగతి ఉంది. అతడు పోయి ఉంటే తనకు ‘దుఃఖముమీద దుఃఖము’ కలిగేదంటాడు పౌలు (2:27). అక్కడ ఆయన రెండుసార్లూ వాడిన మాట ‘లూపె’యే.