కాలేజీ మానిన రోజే వేసుకోవాల్సిన లెక్క

గుంటూరు

చిరంజీవులందరికీ ఆశీస్సులు.

వానలు పడితే చాలు, మనవైపు కాలేజీల్లో మూడు మాటలు వినపడుతుంటాయి: జ్వరం, షార్టేజ్ (హాజరు తగ్గడం), కండోనేషన్ (ఆ తగ్గుదలను మన్నించడం). జ్వరం ఎవరి చేతిలోనూ లేదు. మిగతా రెండింటి సంగతి మాత్రం మీలో చాలామందికి సెమిస్టర్ చివర నోటీసు బోర్డుకి లిస్టు అంటించాకగానీ తెలియడంలేదు. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

ముందు రూలు. విజయవాడ, గుంటూరుల్లో కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరుండాలి. 65కి తగ్గకుండా 75 లోపు ఉంటే కాగితాలు పెట్టి, ఫీజు కట్టి కండోనేషన్ అడగొచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది కాలేజీ కమిటీ తేలుస్తుంది. 65 దిగితే ఇక అడగడానికే లేదు, డిటైన్. ఆ సెమిస్టర్ మళ్ళీ నడిచేదాకా, అంటే మామూలుగా ఏడాది ఆగి, జూనియర్ల పక్కన కూర్చోవాలి. సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీలకు, యూనివర్సిటీ డిగ్రీ కోర్సులకు సొంత నిబంధనల పుస్తకం ఉంటుంది. సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడకుండా మీ బ్యాచ్‌కి వర్తించే పుస్తకం తెచ్చుకుని హాజరు పేజీ ఒక్కటైనా చదవండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేవాళ్ళకు ఆ షరతుల్లోనూ హాజరు ఉందని మరిచిపోవద్దు.

"మెడికల్ పెడితే హాజరు కలుపుతారు" అన్న మాట హాస్టళ్ళలో బాగా తిరుగుతుంది. కలపరు. సర్టిఫికెట్ 63ని 66 చేయదు. 65, 75 మధ్యలో ఉన్నవాడికి తలుపు తీయడం వరకే దాని పని.

ఇప్పుడు లెక్కకు వద్దాం. సెమిస్టర్‌కి 90 పనిదినాలు, రోజుకి ఆరు పీరియడ్లు అనుకోండి. మొత్తం 540. అందులో పాతిక శాతం 135, అంటే ఇరవై రెండున్నర రోజులు. డెంగీ వచ్చి ఏడు పనిదినాలు మంచంమీద ఉన్నా పోయేవి 42 పీరియడ్లు, ఎనిమిది శాతం కూడా కాదు. ఇలాంటి జబ్బు ఒక్కటే ఎవరినీ డిటైన్ చేయదన్నమాట. అంతకుముందు సినిమాకని, నిద్ర లేవలేదని, మాస్ బంక్ అని తలా కొంచెం ఖర్చుపెట్టేసిన వాడికి జ్వరం వచ్చినప్పుడే గండం. ఆ ఇరవై రెండు రోజుల్నీ పోపులడబ్బాలో దాచిన డబ్బులనుకోండి.

పడిపోయాక ఎన్ని క్లాసులు వరసగా కూర్చుంటే 75కి చేరతారో తెలియాలంటే చిన్న సూత్రం ఉంది. ఇప్పటిదాకా జరిగిన పీరియడ్లను మూడుతో హెచ్చవేయండి. మీరు హాజరైనవాటిని నాలుగుతో హెచ్చవేసి అందులోంచి తీసేయండి. ఉదాహరణకు 240 జరిగితే 165కి వెళ్ళారు, 68.75 శాతం. 720లోంచి 660 పోతే 60. అంటే ఒక్కటీ మానకుండా పది రోజులు. మధ్యలో ఒక్క పీరియడు పోయిందా, దానికి ఇంకో మూడు కూర్చోవాలి. కింద పడ్డంత తేలిక కాదు పైకెక్కడం. సెమిస్టర్‌లో మిగిలిన పీరియడ్లకంటే ఈ అంకె పెద్దదైతే 75 ఆశ వదిలి 65 దిగకుండా చూసుకోవడమే పని. కండోనేషన్ కాగితాలు కూడా ఆ రోజే మొదలుపెట్టాలి.

ల్యాబు ఒక్కపూట మానితే మూడు పీరియడ్లు ఒకేసారి పోతాయి. వారధి మీద ట్రాఫిక్ ఆగో, తెనాలి నుంచి వచ్చే రైలు లేటయ్యో పది నిమిషాలు ఆలస్యమైతే మొదటి పీరియడు పోతుంది. ఇలాంటివి కంటికి ఆనవు, నెలాఖరుకి మాత్రం లెక్కలో కనపడతాయి.

జ్వరం వచ్చిన మొదటి రోజే, తొమ్మిది లోపు, మీ మెంటర్‌కి, అంటే మీ బాగోగులు చూసే లెక్చరర్‌కి, వాట్సాప్ పెట్టండి. "సార్, నేను ఫలానా సెక్షన్, రోల్ నంబరు ఇది. నిన్న రాత్రి నుంచి జ్వరం, ఈ రోజు డాక్టరుకు చూపిస్తున్నాం. ల్యాబు గురువారం ఉంది. నాన్న నంబరు ఇది." ఇంతే చాలు. రామాయణమంతా చెప్పనక్కర్లేదు, బతిమాలనూ అక్కర్లేదు. ఆ మెసేజి తేదీయే రేపు మీకు సాక్ష్యం.

కాగితాల దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. నెల తర్వాత వెళ్ళి రాయించుకొచ్చిన సర్టిఫికెట్‌లని హెచ్ఓడీలు (డిపార్ట్‌మెంట్ పెద్దలు) రోజుకి పది చూస్తుంటారు, చూడగానే తెలిసిపోతుంది. నిలబడేవి తేదీలున్నవి: ఓపీ చీటీ, రక్తపరీక్ష రిపోర్టు, మందుల బిల్లు, ఆసుపత్రిలో చేరితే డిశ్చార్జి సమ్మరీ. విజయవాడలో గానీ గుంటూరులో గానీ జీజీహెచ్‌కి (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి) వెళ్తే ఓపీ చీటీ మీద తేదీ ఉంటుంది, పారేయకండి. ప్రైవేటులో చూపించుకుంటే డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా విశ్రాంతి అన్నది ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. వీధి చివర ఆర్ఎంపీ రాసిచ్చిన చీటీ చెల్లదు. తిరిగి వెళ్ళేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా రాయించుకోండి. అన్నీ రెండేసి జిరాక్సులు తీసి, ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకుని, ఇచ్చిన లెటర్ కాపీ మీద ఆఫీసులో సంతకం, తేదీ వేయించుకోండి. ఇవన్నీ తిరిగి వెళ్ళిన రెండు మూడు రోజుల్లో అయిపోవాలి.

ఇక్కడే ఇంకో మాట. మీరు మంచంలో ఉన్నప్పుడు స్నేహితుడు ప్రేమకొద్దీ ప్రాక్సీ, అంటే మీ బదులు హాజరు, చెబుతాడు. పదో తేదీ నుంచి ఇరవై దాకా టైఫాయిడ్ అని మీ సర్టిఫికెట్, పద్నాలుగున హాజరయ్యారని రిజిస్టరు. కమిటీ ముందు ఈ రెండూ పక్కపక్కన పెడితే నిజమైన జబ్బు కూడా అబద్ధమైపోతుంది. ఒక్క పీరియడు కోసం పది రోజుల కాగితం పోగొట్టుకున్నట్టు. ముందే ఫోన్ చేసి వద్దని చెప్పండి.

మిడ్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష, పోయిందని ఏడ్చేవాళ్ళ కోసం ఇది. 2023 నుంచి చేరినవాళ్ళకు వర్తించే ఆర్23 నిబంధనల్లో రెండు మిడ్లలో మంచి దానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం విలువ. రాయని మిడ్‌కి సున్నా. మొదటిది పోయి రెండో దాంట్లో 30కి 25 వస్తే ఇంటర్నల్ 20. మొదటిది రాసి అందులో 20 తెచ్చుకుని ఉంటే 24 అయ్యేది. తేడా నాలుగు మార్కులు. దీనికే గుండె జారిపోయి రెండోది కూడా సరిగ్గా రాయని వాళ్ళున్నారు, అసలు నష్టం అక్కడ. పాసవ్వాలంటే సెమిస్టర్ చివరి పరీక్షలో (ఎక్స్‌టర్నల్‌లో) 70కి 35 శాతం, అంటే 25, పైగా ఇంటర్నల్‌తో కలిపి వందకి 40 రావాలి. ఇంటర్నల్ 15 ఉంటే ఎక్స్‌టర్నల్‌లో ఆ 25తో గట్టెక్కుతారు. రెండు మిడ్లూ వదిలేస్తే మొత్తం 40 అక్కడే తెచ్చుకోవాలి.

ల్యాబు సంగతి వేరు. ప్రయోగాలు సైకిల్ ప్రకారం, అంటే విడతలవారీగా, తిరుగుతాయి. సైకిల్ అయిపోతే ఆ ఏర్పాటు విప్పేస్తారు, తర్వాత ఎవరూ మీ ఒక్కరి కోసం మళ్ళీ బిగించరు. కాబట్టి వచ్చిన వారంలోనే ల్యాబ్ ఇన్‌చార్జిని, అసిస్టెంట్‌ని కలిసి ఇంకో బ్యాచ్‌తో చేయనిస్తారా అని అడగండి. పక్కవాడి రీడింగులు రికార్డులో దింపుకుంటే గ్రాఫు బాగానే వస్తుంది. ఆ మూడో రీడింగు అంత తేడాగా ఎందుకొచ్చిందని వైవాలో (నోటి పరీక్షలో) అడిగితే నోరు పెగలదు.

పోయిన పాఠాలు పట్టుకోవడంలో చాలామంది చేసే పొరపాటు, వెనకది పూర్తయ్యాక ముందుకెళ్దామనుకోవడం. ఆ లోపు ఇవాళ్టిది కూడా వెనకబడుతుంది. అర్థం కాకపోయినా ఇవాళ్టి క్లాసులో కూర్చోండి, సాయంత్రం వెనకది చూడండి. లెక్కలు, సర్క్యూట్లు లాంటివి గొలుసు సబ్జెక్టులు, ఒక లంకె తెగితే పైది ఎక్కదు, ముందు వాటిని పట్టుకోండి. వివరణ రాసే సబ్జెక్టులు మిడ్ ముందు వారం దాకా ఆగుతాయి. నోట్సు ఇద్దరి దగ్గర తీసుకోండి, ఒకరు అందంగా రాసేవాళ్ళు, ఇంకొకరు సారు నోటితో చెప్పింది కూడా గీకేవాళ్ళు. మొదటి మిడ్‌కి మామూలుగా అయిదు యూనిట్లలో రెండున్నర వస్తుంది, మీరు లేనప్పుడు జరిగింది అందులో ఎంతో గుర్తుపెట్టుకోండి.

వరదల సంగతి కూడా రాస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పటిలాంటి రోజుల్లో కాలేజీకి సెలవిస్తే క్లాసే జరగదు, అది లెక్కలోకి రాదు. ఇల్లు సింగ్‌నగర్‌లో, కాలేజీ గుంటూరులో ఉండి అక్కడ క్లాసులు నడిస్తే మాత్రం ఆబ్సెంటు పడుతుంది. నీళ్ళలో ఉన్న వీధి ఫొటో తేదీతో సహా మెంటర్‌కి ఆ రోజే పంపండి. ఇంటర్ కాలేజీ ఆటలకు, ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్ళేవాళ్ళు ఓడీ (ఆన్ డ్యూటీ) లెటర్ వెళ్ళేముందే సంతకం చేయించుకోవాలి.

ఇక సంక్రాంతి. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ముక్కనుమ దాటాక కాలేజీ మాత్రం కదులుతుంది, రిజిస్టరూ తెరుస్తారు. ఆ వారం టికెట్ దొరకలేదంటే ఎవరూ వినరు, వెళ్ళేటప్పుడే తిరుగు ప్రయాణానికి చేయించుకోండి.

చివరగా, క్లాసులో ఉన్నా ఆబ్సెంటు పడటం జరుగుతూనే ఉంటుంది. వారానికోసారి పోర్టల్‌లో మీ హాజరు చూసుకోండి. తప్పు కనపడితే ఆ వారంలోనే, తేదీ, పీరియడు నంబరు కాగితం మీద రాసుకుని ఆ లెక్చరర్ దగ్గరకే వెళ్ళి మర్యాదగా చూపించండి. నెల దాటితే ఆయనకూ గుర్తుండదు.

మీ పెదనాన్న